.32 పిస్టల్ స్ప్రింగులు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. అడిగినాయనది ఒడిశాలో మా గజపతి జిల్లాలోనే కాశీనగర్ వైపు. నాన్నగారు పోయాక లైసెన్సు తన పేరు మీదికి మారింది. పిస్టల్ పాత బెల్జియం బ్రౌనింగ్, 1910 మోడల్, .32 కాలిబర్ (గుండు కొలత, అంగుళాల్లో). పేల్చినప్పుడు ఒక్కోసారి ఖాళీ కేసు (గుండు పోయాక మిగిలే ఇత్తడి గొట్టం) బయటికి ఎగిరిపోకుండా స్లైడులో, అంటే పిస్టల్ మీద వెనక్కీ ముందుకీ జరిగే భాగంలో, నిలువుగా ఇరుక్కుంటోందట. ఒక్కోసారి మ్యాగజైన్‌లోంచి (పిడిలో రౌండ్లు, అంటే తూటాలు, పెట్టే అర) పై రౌండు ఎక్కడం లేదట. వీడియోలు చూసి గట్టి రికాయిల్ స్ప్రింగు (వెనక్కి వచ్చిన స్లైడుని తిరిగి ముందుకి నెట్టేది), మెత్తటి ట్రిగ్గర్ స్ప్రింగు, పాలిష్ చేసిన చిన్న పార్టులు ఉన్న కిట్ తెప్పించి ఇంట్లోనే బిగించుకుంటే ఎలా ఉంటుందని అడుగుతున్నారు.

వద్దు. కిట్ తెప్పించొద్దు, పార్టులు ఇంట్లో మార్చొద్దు. శుభ్రం చేసుకోవడం, నూనె వేసుకోవడం, ఎక్కడ తేడా వస్తోందో గమనించి రాసి పెట్టుకోవడం, ఇంతవరకు మీ పని. స్ప్రింగు మార్చాల్సి వస్తే రిపేరు లైసెన్సు ఉన్న షాపులో, ఒరిజినల్ కొలతకి సరిపోయేదే వేయించుకోండి. అసలు మీరు చెప్పిన లక్షణాలకి గట్టి స్ప్రింగు మందే కాదు, అది జబ్బును ఇంకా పెంచుతుంది. అదెలాగో చెప్పాలంటే కొంచెం పొడుగ్గా రాయాలి.

నేను పోలీసు ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, చేసి రిటైరయ్యాను. ఇరవై ఆరేళ్ళు కోత్‌లోనే (ఆయుధాలు దాచే గది) గడిచింది. ఎక్కువగా చూసింది 9 ఎం.ఎం. పిస్టళ్ళు, రైఫిళ్ళే అయినా, ఎన్నికలప్పుడు డిపాజిట్‌కి వచ్చే ప్రైవేటు ఆయుధాలు కూడా చాలా చేతుల్లోంచి పోయాయి. ఇప్పుడు బరంపురంలో లైసెన్సు ఉన్న ఒక షాపులో నెలకి నాలుగైదు రోజులు కూర్చుంటాను. అక్కడికి వచ్చే పాత .32లలో సగానికి సగం ఇదే కథ.

మొదట మీ పిస్టల్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. పెద్ద 9 ఎం.ఎం. పిస్టళ్ళలో రౌండు పేలిన క్షణంలో బ్యారెల్, స్లైడు ఒకదానికొకటి లాక్ అయి ఉంటాయి, కాస్త వెనక్కి జరిగాక విడిపోతాయి. మీ .32లో ఆ లాకు లేదు. పేలుడు ఒత్తిడి కేసుని వెనక్కి తంతుంది, కేసు స్లైడుని తంతుంది. ఆ తన్నుని ఆపేది స్లైడు బరువు, దానికి తోడు రికాయిల్ స్ప్రింగు, అంతే. దీన్నే బ్లోబ్యాక్ అంటారు. స్లైడు బరువుకీ స్ప్రింగు బలానికీ రౌండు శక్తికీ లెక్క కుదిర్చి పంపిస్తారు ఫ్యాక్టరీలో. .32 గుండు 71 గ్రెయిన్లు, అంటే నాలుగున్నర గ్రాముల పైచిలుకు. చిన్న రౌండు, చిన్న తన్ను.

ఇప్పుడు గట్టి స్ప్రింగు వేశారనుకోండి. ఆ చిన్న తన్నుకి స్లైడు పూర్తిగా వెనక్కి రాదు. ముప్పాతిక దూరం వచ్చి తిరిగి ముందుకి పోతుంది. ఖాళీ కేసు ఎజెక్టర్‌కి (కేసుని బయటికి ఎగరగొట్టే ముక్క) గట్టిగా తగలదు, బయటికి ఎగరాల్సింది స్లైడు నోట్లో నిలబడి ఇరుక్కుంటుంది. వెనక్కి సరిగ్గా రానప్పుడు కింది రౌండుని తోసుకుపోయే అవకాశం కూడా ఉండదు. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఇవే కదా? అంటే మీ పిస్టల్‌లో ఇదివరకే ఎవరో గట్టి స్ప్రింగు వేసి ఉండవచ్చు. లేదా రౌండ్లలో బలం తగ్గి ఉండవచ్చు. నాన్నగారు బీరువాలో దాచిన పాత డబ్బాలోవే వాడుతున్నారా? ఎండాకాలం వేడి, వానాకాలం తేమ పదిహేనేళ్ళు తిన్న రౌండ్లయితే వాటి మీద పిస్టల్ మంచిచెడ్డలు తేల్చకండి. లైసెన్సు మీద కొత్తవి తీసుకుని చూడాల్సిందే.

మరి వీడియోల్లో వాళ్ళు గట్టి స్ప్రింగు ఎందుకు మెచ్చుకుంటారు? అవి ఎక్కువగా అమెరికా వీడియోలు. వాళ్ళ చేతిలో ఉండేది 1911, గ్లాక్ లాంటి పెద్ద పిస్టళ్ళు. .45 కాలిబర్ 1911 మోడల్‌కి మామూలు స్ప్రింగు 16 పౌండ్ల బలం. ఇంకా బలమైన రౌండ్లు పేల్చేవాడు 18 వేస్తాడు, మెత్తటి పోటీ రౌండ్లు పేల్చేవాడు 12 వేస్తాడు. ఆ పిస్టళ్ళకి ఒక్కో పౌండు తేడాతో స్ప్రింగులు దుకాణంలో దొరుకుతాయి, కొత్తది వేసి రెండు వందల రౌండ్లు పేల్చి చూసుకో అంటారు. మనకి లైసెన్సు బుక్కులో రాసిన కోటా ఉంటుంది. మీ ఏడాది కోటా ఎంతో మీకే తెలుసు. ఒక్క స్ప్రింగుని నమ్మడానికి దాన్నంతా తగలేస్తారా? పైగా పేల్చి చూడాలంటే రేంజి ఉండాలి, ఇంటి వెనక జీడితోటలో పేల్చి చూడటం ఇంకో కేసు.

కేసు అన్నాను కాబట్టి చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5లో తయారీ, అమ్మకం అన్న మాటల పక్కనే రిపేరు అన్న మాట కూడా ఉంది. ఆ పనికి విడిగా లైసెన్సు కావాలి. మీ దగ్గరున్నది ఉంచుకునే, పట్టుకు తిరిగే లైసెన్సు, రిపేరుది కాదు. 2019 సవరణ తర్వాత సెక్షన్ 5 ఉల్లంఘనకి కనీస శిక్ష 7 ఏళ్ళు, పైన యావజ్జీవం వరకు. సొంత పిస్టల్‌కి సొంతంగా స్ప్రింగు మార్చుకున్నవాడి మీద అంత పెద్ద సెక్షన్ పడుతుందా అని వాదించవచ్చు. ఆ వాదన మీరు కోర్టులో చేసుకోవాల్సిందే, థానాలో ఎవరూ వినరు. ఇంకో మాట, చట్టంలో 'ఆయుధాలు' అన్న నిర్వచనంలో వాటి భాగాలు కూడా వస్తాయి. బయటి దేశం నుంచి పార్శిల్‌లో వచ్చే కిట్ కస్టమ్స్ దగ్గర ఆగితే, అడ్రసు మీ ఇంటిది.

ఇక చిన్న పార్టుల పాలిష్ గురించి. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. ట్రిగ్గర్ నొక్కినప్పుడు స్ట్రైకర్‌ని (రౌండు అడుగున కొట్టి పేల్చే పిన్ను) వదిలే చిన్న కొక్కెం ఉంటుంది, సియర్ అంటారు. దాని అంచు మీద గట్టిదనం పైపొరలోనే ఉంటుంది చాలా పాత పిస్టళ్ళలో. ఆకురాయితో నాలుగు గీతలు గీస్తే ట్రిగ్గర్ వెన్నలా అవుతుంది, నిజమే. ఆ పొర పోయాక కింద ఉండేది మెత్తటి ఇనుము. పది రౌండ్లు నిలుస్తుంది, పదకొండోదానికి అంచు జారుతుంది. స్లైడు ముందుకి రాగానే దానంతటదే పేలుతుంది. ఒకటి పేల్చబోతే రెండు పోతాయి. ట్రిగ్గర్ నొక్కి ఉంచితే వరసగా పేలుతూ పోయేలా మార్చిన ఆయుధం చట్టం లెక్కలో నిషిద్ధ ఆయుధం. నేను కావాలని చేయలేదు, పాలిష్ చేశానంతే అంటే వినేవాళ్ళెవరు?

ఒకసారి షాపుకి ఒకాయన తన వెబ్లీ .32 తెచ్చాడు. 'ట్రిగ్గర్ చాలా సాఫ్ట్‌గా ఉందండీ, మేనల్లుడు చేశాడు' అని మురిసిపోతూ చెప్పాడు. ఖాళీ చేసి, స్లైడు వెనక్కి లాగి వదిలాను. స్లైడు ముందుకి వచ్చిన దెబ్బకే హ్యామర్ పడిపోయింది. మూడుసార్లు చేస్తే రెండుసార్లు పడింది. అంతవరకు ఆయన దాన్ని రౌండు ఎక్కించి దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాడట! ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. సియర్ కొత్తది దొరక్క ఆ పిస్టల్ ఏడు నెలలు షాపులోనే ఉండిపోయింది.

ఇదే సందర్భంలో మీ 1910 గురించి. దానికి మూడు సేఫ్టీలు. పిడి వెనక నొక్కితే తప్ప పేలని గ్రిప్ సేఫ్టీ, బొటనవేలి సేఫ్టీ, మ్యాగజైన్ లేకపోతే పేలకుండా ఆపేది. కొంతమంది గ్రిప్ సేఫ్టీని తీగతో కట్టేస్తారు, మ్యాగజైన్ సేఫ్టీ తీసేస్తారు, ట్రిగ్గర్ తేలికవుతుందని. అలా చేయించుకోకండి. అన్నీ ఉన్నా కూడా, కింద పడితే స్ట్రైకర్ ముందుకి పోకుండా ఆపే అడ్డు ఈ పాత డిజైన్‌లో లేదు. ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక రౌండు కూర్చునే చోటు) రౌండు పెట్టుకుని జేబులో వేసుకు తిరగొద్దు. (ఆస్ట్రియా యువరాజుని 1914లో సరాయెవోలో కాల్చింది ఈ మోడల్‌తోనే, కాకపోతే ఇంకాస్త పెద్ద కాలిబర్‌ది. మీ పిస్టల్ ముసలిదని గుర్తుచేయడానికి చెప్తున్నాను, దానికి మర్యాద ఇవ్వాలి.)

స్ప్రింగు గురించి మన మెకానిక్‌లకి ఉన్న రెండు నమ్మకాలు సరిచేయాలి. ఎందుకంటే మా వైపు పిస్టల్ చెడితే మొదట వెళ్ళేది మోటారు సైకిల్ మెకానిక్ దగ్గరికే.

మొదటిది, 'స్ప్రింగు గట్టిగా ఉంది, ఒక చుట్టు కత్తిరిస్తే మెత్తబడుతుంది'. మెత్తబడదు. తక్కువ చుట్లున్న స్ప్రింగు ఒక్కో మిల్లీమీటరు నొక్కడానికి ఇంకా ఎక్కువ బలం కావాలి. పొడవు తగ్గింది కాబట్టి బిగించినప్పుడు మొదట్లో వదులుగా అనిపిస్తుంది, అంతే. ఫలితంగా స్లైడు మూసుకునేటప్పుడు బలం చాలదు, రౌండు పూర్తిగా లోపలికి కూర్చోదు.

రెండోది, 'సుమారుగా అదే లావు తీగ వేస్తే చాలు'. సుమారు అన్నది స్ప్రింగులో పనికిరాదు. తీగ మందం 10 శాతం పెరిగితే స్ప్రింగు గట్టిదనం దాదాపు 46 శాతం పెరుగుతుంది, ఎందుకంటే మందం నాలుగుసార్లు హెచ్చవేసి లెక్కలోకి వస్తుంది. కంటికి 1 మి.మీ. తీగ, 1.1 మి.మీ. తీగ ఒకేలా కనిపిస్తాయి. అందుకే షాపులో స్ప్రింగు మార్చేటప్పుడు తీగ మందం స్క్రూగేజితో కొలవాలి, చుట్లు లెక్కపెట్టాలి, వదిలేసినప్పటి పొడవు చూడాలి. మీరు పక్కనే నిలబడి ఆ మూడు అంకెలూ చీటీ మీద రాయించుకోండి. రాయనివాడి దగ్గర వేయించుకోకండి.

గుణుపూర్ వైపు నుంచి ఒక పిస్టల్‌లో మోపెడ్ క్లచ్ స్ప్రింగు చూశాను. బాగానే బిగించాడు, పనితనానికి మెచ్చుకోవాలి. స్లైడు మాత్రం వేలెడు కూడా వెనక్కి రాలేదు.

సరే, ఇంట్లో ఏం చేయవచ్చు? చాలానే ఉంది. మీ సమస్య అక్కడే తీరిపోవచ్చు కూడా.

ముందు మ్యాగజైన్ తీయండి, ఆ తర్వాతే స్లైడు లాగండి. ఈ వరస తప్పినవాళ్ళే ఎక్కువగా ప్రమాదాల్లో పడతారు. స్లైడు ముందు లాగితే ఒక రౌండు బయటికొచ్చి ఇంకోటి ఎక్కుతుంది. తర్వాత మ్యాగజైన్ తీసి ఖాళీ అనుకుంటాం. కళ్ళతో చూడండి, చిటికెనవేలు పెట్టి తడమండి. రౌండ్లు ఆ గదిలోనే ఉంచకండి.

1910లో రికాయిల్ స్ప్రింగు బ్యారెల్ చుట్టూ ఉంటుంది, మూతి దగ్గరి రింగు దాన్ని పట్టుకుని ఉంటుంది. ఆ రింగు మీద వేలు లేకపోతే తూటాలా ఎగురుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది అలాగే వదిలేశాను. కోత్ పైకప్పుకున్న బల్బు పగిలింది, రింగు రైఫిల్ ర్యాకు వెనక పడింది, వెతకడానికి పొద్దు గూకింది. ఆ రోజు నేర్చుకున్న చిట్కా ఒకటి, పెద్ద పారదర్శకమైన పాలిథిన్ సంచిలో చేతులు పెట్టి విప్పితే ఏదీ ఎగిరిపోదు. కళ్ళజోడు తప్పనిసరి. విప్పడం శుభ్రం చేసుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే. పిన్నులు కొట్టి లోపలికి వెళ్ళకండి.

తర్వాత ఎక్స్‌ట్రాక్టర్. ఖాళీ కేసుని లాగే గోరు అది. దాని కింద కాలిన మసి, పాత గ్రీజు కలిసి నల్లటి చింతపండులా పేరుకుంటుంది. పుల్ల చివర గుడ్డ చుట్టి, సాల్వెంట్‌లో ముంచి గీకండి. నేను చూసిన నిలువు ఇరుకుళ్ళలో చాలావాటికి స్ప్రింగులు మార్చే పనే రాలేదు, ఈ మసి తీస్తే పోయాయి. బ్యారెల్‌లో పుల్‌త్రూతో (గుడ్డ కట్టి లాగే తాడు) చిందీ గుడ్డ లాగండి, ఛాంబర్ వైపు నుంచే.

నూనె. మా జిల్లాల్లో అసలు కథ ఇక్కడే. ఒక జనవరిలో సెమిలిగుడ నుంచి ఒకాయన వచ్చాడు. పిస్టల్ మధ్యాహ్నం బాగుంటోందట, తెల్లవారుజామున స్లైడు కదలట్లేదట, స్ప్రింగు చచ్చిపోయిందని ఆయన తీర్మానం. స్లైడు తీసి చూస్తే లోపల తెల్లటి మైనం. కొబ్బరినూనె! 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది, కొరాపుట్ కొండల మీద జనవరి తెల్లవారుజాము సంగతి చెప్పేదేముంది. వేడినీళ్ళ గుడ్డతో తుడిచి, గన్ ఆయిల్ రెండు చుక్కలు వేసి ఇచ్చేశాను. డబ్బు తీసుకోబుద్ధి కాలేదు. ఆవనూనె ఇంకా ఘోరం, ఎండి జిగురవుతుంది. గన్ ఆయిల్ పల్చగా, స్లైడు పట్టాల మీద ఒక్కో చుక్క చాలు. ఎక్కువైతే దుమ్ము పట్టేస్తుంది, స్ట్రైకర్ దారిలోకి దిగితే దెబ్బ బలం తగ్గుతుంది.

తోలు హోల్‌స్టర్‌లో పెట్టి బీరువాలో దాచకండి. తోలు తేమ పీలుస్తుంది, వానాకాలం అయ్యేసరికి తోలు తగిలినంత మేరా తుప్పు. స్ప్రింగు మీద పడిన తుప్పు చుక్క దగ్గరే అది విరుగుతుంది. పొడి గుడ్డలో చుట్టి, రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. ఎన్నికలప్పుడు థానాలోనో షాపులోనో డిపాజిట్ చేసే ముందు కూడా నూనె గుడ్డతో తుడిచి ఇవ్వండి. తిరిగి వచ్చేసరికి ఎన్ని వారాలవుతుందో ఎవరూ చెప్పలేరు.

మ్యాగజైన్ గురించి ఒక్క విషయం, ఇది .32కే ప్రత్యేకం. ఈ రౌండుకి అడుగున చిన్న అంచు ఉంటుంది, కేసు కంటే కాస్త బయటికి వస్తుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై రౌండు అంచు కింది రౌండు అంచుకి వెనక్కి పడితే రెండూ పెనవేసుకుంటాయి, స్లైడు ఎంత తోసినా కదలవు. ఎప్పుడూ పైది కిందిదానికంటే ముందుకి ఉండేలా నింపుకోవాలి. 'ఒక్కోసారి పై రౌండు ఎక్కట్లేదు' అన్నారే, నాకు మొదట అనుమానం వచ్చింది దీని మీదే. ఏ స్ప్రింగు వేసినా ఇది పోదు.

మ్యాగజైన్ నింపి ఉంచితే స్ప్రింగు నీరసిస్తుందా అని మీరు అడగకపోయినా అందరూ అడుగుతారు. మంచి స్ప్రింగుని నీరసింపజేసేది ఎక్కువగా నొక్కడం, వదలడం, మళ్ళీ నొక్కడం. ఊరికే నొక్కి ఉంచితే అంత నష్టం లేదు. మ్యాగజైన్లు రెండుంటే వాటి మీద పెయింటుతో 1, 2 అని రాయండి. ఇరుకు ఒకదానితోనే వస్తోందంటే తప్పు దానిదే, పిస్టల్‌ది కాదు.

ఇవన్నీ చేశాక కూడా తగ్గకపోతే షాపుకి. ఇక్కడ మనకి ఒక చిక్కుంది. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. కూరగాయలకి, సినిమాకి వెళ్ళొచ్చినట్టు పిస్టల్ తీసుకుని వెళ్ళకూడదు. మీ లైసెన్సులో ఏరియా గడిలో ఒడిశా అని మాత్రమే ఉంటే, శ్రీకాకుళం, విశాఖ షాపు ఎంత మంచిదైనా అక్కడికి తీసుకుపోవడం నేరమే. ముందు ఆ గడి చూసుకోండి. కలెక్టరాఫీసులో ఏరియా పెంచమని అర్జీ పెట్టుకోవచ్చు, లేదా బరంపురం వైపు వెళ్ళండి. షాపులో పిస్టల్ వదిలితే నంబరు వేసిన రసీదు తీసుకోండి, మార్చిన పాత స్ప్రింగు తిరిగి అడగండి.

చేయి ఊరుకోవట్లేదు, ఏదో ఒకటి విప్పి చూడాలనిపిస్తోందంటే అర్థం చేసుకోగలను, నాదీ అదే జబ్బు. 4.5 మి.మీ. బోరు, 20 జౌల్స్ లోపు ఎయిర్ పిస్టల్‌కి 2016 ఆయుధాల నిబంధనల కింద లైసెన్సు అక్కర్లేదు. స్ప్రింగు ఎలా పనిచేస్తుందో దాని మీద నేర్చుకోండి. అందులో కూడా బలం పెంచబోతే ఆ 20 గీత దాటకుండా చూసుకోవాలి.

ఇప్పుడు మీరు నాకు చెప్పాల్సినవి మూడు. ఇరుక్కున్నది మ్యాగజైన్‌లో ఎన్నో రౌండు దగ్గర, గుర్తుందా? రౌండ్ల డబ్బా ఎప్పటిది? ఖాళీ కేసులు దాచి ఉంటే వాటి అంచు మీద ఎక్స్‌ట్రాక్టర్ గీత లోతుగా ఉందా, అసలు కనిపించట్లేదా? కేసుల ఫొటో పెడితే చాలు. పిస్టల్ ఫొటో, లైసెన్సు ఫొటో ఇక్కడ పెట్టకండి.